ఒక గడి తక్కువ

దీపాలమ్మ దీపం పట్టుకోక ముందు ఎవరు?

హనుమకొండ చౌరస్తా వెనుక సందులో ఉన్న కంప్యూటర్ సెంటర్ గోడ మీద ఈ ప్రశ్న ఆరు వారాలుగా ఎర్రటి అక్షరాలతో వేలాడుతున్నది. దాని కింద దారంతో కట్టిన నోటుపుస్తకం ఉన్నది. వచ్చిన ప్రతివారూ తమ ఊహను అందులో రాసి వెళ్తున్నారు. జవాబు తెలిసిన మనిషి మాత్రం రెండు మైళ్ళ దూరంలో, కొత్తవాడలో మగ్గం ముందు కూర్చుని ఉన్నది. ఆమెను ఎవరూ అడగలేదు. అడగవలసిన మనిషి ఒకరు ఉంటారన్న అనుమానం కూడా ఎవరికీ కలగలేదు.

కథ ఎక్కడ ఆగిందో మొదటినుంచీ చదువుతున్నవారికి తెలుసు. ఈ వారమే పత్రిక తెరిచినవారి కోసం క్లుప్తంగా చెబుతాను. సెంటర్‌లో పనిచేసే నిర్మల, ఇరవై మూడేళ్ళ అమ్మాయి, కిందటి ఏడాది 'ఏడు ద్వారాలు' అనే వీడియో ఆటను తయారు చేసింది. శత్రువులు చుట్టుముట్టిన కోటలోకి ఒక రాణి ఏడు ద్వారాలు దాటి చేరుకోవాలి. ప్రతి ద్వారం పక్కనా దీపం పట్టుకున్న వేలెడంత స్త్రీ ఒకరు ఉంటుంది. పరుగెత్తేవారిని ఆమె పట్టించుకోదు. తన ముందు ఒక్క క్షణం ఆగినవారికి దీపం ఎత్తి దారి చూపుతుంది. ఆడినవారు రాణిని మరచిపోయి ఆ స్త్రీని మనసులో పెట్టుకున్నారు. దీపాలమ్మ అన్న పేరు కూడా వారు పెట్టినదే. అది చూసి సెంటర్ యజమాని రాజేశ్వర్ రావు రెండో ఆటను ప్రకటించాడు: దీపాలమ్మ ముందు కథ. వచ్చే ఆదివారం ఉదయం పది గంటలకు దాని ప్రదర్శన. ఆ కథలో ఆమె పడుచుతనంలో శత్రువుకు కోట తలుపు తీసిన ద్రోహి అనీ, ఆ పాపం కడుక్కోవడానికే దీపం పట్టిందనీ మంగళవారం బయటికి పొక్కింది. బుధవారం మధ్యాహ్నం, నేల మీద పరిచే నూలు తివాచీ, జంఖానా ఒకటి చుట్టి భుజాన వేసుకుని, కొత్తవాడ జైనాబీ సెంటర్ మెట్లెక్కింది.

లోపలికి పోయేముందు ఒక విషయం స్పష్టం చేయాలి. మగవాడు దీపం పట్టుకుని నిలబడితే అతణ్ణి కాపలాదారు అంటాము, అంతటితో ఊరుకుంటాము. ఆడది నిలబడితే ఆమె వెనుక ఒక పాపాన్నో ఒక ప్రియుణ్ణో వెతుకుతాము. దొరకకపోతే తయారు చేస్తాము. రాజేశ్వర్ రావు చెడ్డవాడు కాడు. అందరూ చేసే పనే అతడూ చేశాడు. అభ్యంతరం కూడా సరిగ్గా అక్కడే.

గుమ్మం దగ్గర స్టూలు మీద ఇమాం పాషా కూర్చుని ఉన్నాడు. ఇరవై ఏళ్ళు కొత్తవాడలో మగ్గం నేసి, చూపు మందగించాక ఈ వాకిలి కాపలాకు చేరాడు. దీపాలమ్మను తెర మీద చూసి గుర్తుపట్టినవాడు అతడే. "జైనాబక్కా, మీ ఇంటి బొమ్మ టీవీల నడుస్తాంది" అని మొన్న చెప్పి వచ్చినవాడూ అతడే. ఇప్పుడు మాత్రం ఆమె ముఖం చూసి స్టూలు మీది నుండి లేచి నిలబడ్డాడు.

"అక్కా, జర నెమ్మదిగ మాట్లాడు. సారు అన్నం తిని కూసున్నడు, మంచిగున్నడు."

"నేనెప్పుడన్న గట్టిగ మాట్లాడిన్నా పాషా?"

"గదే నా ఫికర్. నువ్వు నెమ్మదిగ మాట్లాడితెనే భయమైతది."

లోపల మూడు కంప్యూటర్లు, మూడు టీవీలు, తిరుగుతూ చప్పుడు చేసే ఒక ఫ్యాను ఉన్నాయి. రాజేశ్వర్ రావు నోటుపుస్తకం ముందు పెట్టుకుని చదువుతున్నాడు. వింటున్న నిర్మల నవ్వు ఆపుకుంటున్నది.

"'ఆమెను పడుచుపిల్లను చేయొద్దు. ముసలమ్మగనే ముద్దుగున్నది. మొగిలమ్మ, హసన్‌పర్తి.' ఇగ చూడు. 'రెండో ద్వారం కాడి పాము ఈసారన్న జర నెమ్మదిగ రావాలె.' 'ముందు కథల కత్తి ఉండాలె, లేకుంటె రాను.' ఇది సావిత్రి టీచరమ్మది: 'ఈ కొత్త ఆటలో దీపాలమ్మ చనిపోకూడదు. నేను చూడలేను.'"

"ముందు కథల ఎట్ల సస్తది సారు?" అన్నాడు గుమ్మంలోంచి ఇమాం పాషా. "తర్వాత కథల బతికే ఉన్నది గద! టీచరమ్మకు నేను గప్పుడే చెప్పిన. అయినా రాసింది."

"రాయనీ. ప్రేమ ఉన్నకాడ లెక్క ఉండదు" అని రాజేశ్వర్ రావు నవ్వి, తల ఎత్తి జైనాబీని చూశాడు. "ఏమమ్మా, జంఖానా అమ్మనీకొచ్చినవా? మా దగ్గర అందరు కుర్చీల మీదనే కూసుంటరు."

"అమ్మనీకి రాలేదు సారు. చూపియ్యనీకొచ్చిన."

ఆమె వంగి, రెండు టీవీల మధ్య ఖాళీ నేల మీద జంఖానాను విప్పింది. నీలం నేల, ఎర్రటి అంచు, మధ్యలో మెట్లు మెట్లుగా పేర్చిన తెల్లని గడుల వరుసలు. కుడివైపు కింది మూలలో అరచేయంత స్త్రీ ఉన్నది. ముందుకు ఒక అడుగు వేసి, చేయి చాపి, దీపం పట్టుకుని ఉన్నది.

పక్క టీవీలో, ఆటను ఎవరో సగంలో ఆపి వెళ్ళిన తెర మీద, అదే స్త్రీ అదే అడుగుతో నిలబడి ఉన్నది.

నిర్మల నవ్వు ఆగిపోయింది. కుర్చీ దిగి, జంఖానా అంచున మోకాళ్ళ మీద కూర్చున్నది.

"ఎక్కడ చూసినవు బిడ్డా ఈమెను?" అని అడిగింది జైనాబీ. ఆ ప్రశ్నలో నేరారోపణ లేదు. ఉండి ఉంటే నిర్మలకు తేలికగా ఉండేది.

"మా ఇంట్ల, ఖాలా. నేను పుట్టకముందు మా తాత తెచ్చిన జంఖానా. దానిమీదనే కూసొని ఓనమాలు దిద్దిన. ఆటకు బొమ్మ కావాల్సొస్తే గడుల కాగితం ముందలేసుకొని, ఒక్కొక్క గడి లెక్కపెట్టి దించుకున్న. జంఖానా గడీ, తెర మీద చుక్కా ఒకటే తీరుగుంటయి. సులువుగ వచ్చింది." ఆమె తల వంచుకున్నది. "ఎవరు నేసిన్రో తెల్వదు. తెలుసుకోవాల్నని అనుకోలేదు. అది నా తప్పు."

"ఆగు నిర్మలా. తప్పులు తర్వాత ఒప్పుకుందువు" అన్నాడు రాజేశ్వర్ రావు. "అమ్మా, మీరు మంచిగ నేసిన్రు, కాదనను. ఆదివారం ప్రదర్శన కార్డు మీద మీ పేరు కూడ వేయిస్త. సరేనా?"

"నా పేరు వద్దు సారు. ఆమె పేరే ఖరాబు చేయకుండ్రి."

"ఆమెకు పేరెక్కడిదమ్మా? బొమ్మ గద."

"ఉన్నది. సుల్తానా బేగం. మా ఆపా, నా తోడబుట్టిన అక్క."

ఇమాం పాషా గుమ్మంలోంచి ఒక అడుగు లోపలికి వేశాడు. కొత్తవాడలో ఇరవై ఏళ్ళు పక్క మగ్గం మీద నేసినవాడికి కూడా ఈ మాట కొత్తది.

జైనాబీ చెప్పింది. దీన్ని ఆమె మాటల్లోనే ఉంచుతున్నాను. సవరించే హక్కు ఎవరికీ లేదు.

"నాకు తొమ్మిదేండ్లు. ఆపాకు పదిహేడు. నలభై ఆరేండ్ల కింది మాట. అప్పుడు మా ఇంట్ల ఆడోళ్ళు దారం సుట్టాలె, రంగు అద్దాలె, అంతే. మగ్గం మీద మగోళ్ళే కూసోవాలె. నాయన జరమొచ్చి పడిపోయిండు. జంఖానా సగంల ఆగింది. పొద్దుగూకే యాళ్ళకు ఆపా పోయి మగ్గం మీద కూసున్నది, దారం పోసింది, వరుస బిగించే పంజా తీసుకొని కొట్టింది. ఆమె చెయ్యి... చిన్నప్పుడు గానుగల వడి కుడిచేతి చిటికెన వేలు పోయింది. ఆ సంగతి ఇంటి బయట ఎవ్వరికి తెల్వదు. ఎప్పుడు కొంగుల దాసుకునేది. నాలుగు వేళ్ళతోటి పంజా బిగువుగ పట్టరాదు. వరుస వంకరొచ్చింది. అమ్మ చూసింది. నాయన అట్లున్నడన్న రందో, ఏమో, 'నీ చెయ్యి వంకర, నీ నేత వంకర, పో నా కండ్ల ముందట్నుంచి' అన్నది."

జైనాబీ జంఖానా అంచున లేచిన ఒక పోగును గోటితో లోపలికి నెట్టింది.

"అంతే. ఆపా గుంజకున్న దీపం తీసుకొని బయటికి నడిచింది. అమ్మ అనుకున్నది, వాకిట్ల కూసొని ఏడ్చి వస్తదని. నేను గూడ అట్లనే అనుకున్న. అన్నం పెట్టి, మూత పెట్టినం."

"రాలేదా, ఖాలా?"

"మూత పెట్టిన అన్నం పొద్దున నేనే తీసిన."

రాజేశ్వర్ రావు నోటుపుస్తకం మూసి బల్ల మీద పెట్టాడు.

"నాయన పోయినంక మగ్గం మీద అమ్మ కూసున్నది. ఆడిది నేస్తదా అని గల్లీ గల్లంత వచ్చి చూసింది. నేసింది సారు. ఇరవై రెండేండ్లు నేసింది. ప్రతి జంఖానా మూలకు ఆపాను పెట్టింది. అమ్మ పోయినంక నేను పెడుతున్న. బొంబాయి పోయినయి, ఓడలెక్కి ఎక్కడెక్కడికో పోయినయి. ఎక్కడనో ఒక ఇంట్ల ఆపా ఒకటన్న చూస్తది, మావోళ్ళు నన్ను మరువలేదని తెలుసుకుంటది, ఇదే అమ్మ ఆశ. ఇప్పుడు మీ డబ్బాల ఆమె ఊరందరికి కనవడుతాంది. ఇమాం పాషా చెప్పిననాడు సంబురంతోటి నాకు కూడు సయించలే. ఇగ ఆపా తప్పక చూస్తది అనుకున్న." ఆమె గొంతు ఇంకా తగ్గింది. "చూస్తే ఏం చూస్తది సారు? ఇంటోళ్ళ తలుపు దుశ్మన్‌కు తీసిన దొంగ నేనేనా, నన్ను గిట్లనా యాదుంచుకున్నరు, అనుకోదా?"

రాజేశ్వర్ రావు లేచి కిటికీ దగ్గరకు వెళ్ళి, మళ్ళీ వచ్చాడు.

"అమ్మా, నాకు మనసు లేదనుకోకుండ్రి. కానీ ఇది ఆట. నిలబడి దారి చూపే మనిషి ముందు కథల ఏదన్న పెద్దది జరగకపోతే ఎవరాడుతరు? ఇంట్ల తిట్టిన్రు, పోయింది అంటే... ఆడేటోళ్ళు దేన్ని గెలవాలె?"

"ఇల్లు చేరుడు గెలుపు కాదా సారు?"

"ఆమె చేరలేదు కదమ్మా!"

అన్న మరుక్షణమే అతడు ఆ మాటకు సిగ్గుపడ్డాడు. అది అతని ముఖం మీద కనిపించింది. ఆ మేరకు అతనికి న్యాయం చేయాలి.

జైనాబీ నొచ్చుకోలేదు. మోకాళ్ళ మీద జరిగి, జంఖానా మూలను రెండు చేతులతో పట్టుకుని తిరగేసింది.

ఎంబ్రాయిడరీ బట్టకు వెనుకవైపు ముళ్ళూ తోకలూ ఉంటాయి. జంఖానాకు వెనుకవైపు అంటూ ఉండదు. పైన ఏ బొమ్మో కిందా అదే బొమ్మ, అదే రంగు, అదే బిగువు. తేడా ఒక్కటే: అద్దంలో చూసినట్టు దిక్కు మారుతుంది. అప్పటిదాకా గుమ్మంవైపు నడుస్తున్న స్త్రీ ఇప్పుడు లోపలివైపు నడుస్తున్నది.

"ఒక దిక్కు పోతాంది. తిరగేస్తే వస్తాంది" అన్నది జైనాబీ. "అమ్మ చెప్పేది, 'పో అన్న నోటితోటి రా అనలేకపోయిన, చేతితోటన్న అంటున్న' అని. ఏ ఇంట్ల ఎట్ల పరుస్తరో మనకేమెర్క? సగం ఇండ్లల్ల పోతాంది. సగం ఇండ్లల్ల వస్తాంది."

నిర్మల లేచి, తన బల్ల మీద నుండి గడుల కాగితాన్ని తెచ్చి జంఖానా పక్కన పరిచింది. పెన్సిల్ చేతిలోనే ఉన్నది.

"సారూ, వినుండ్రి. ముందు కథల కోట లేదు, శత్రువు లేడు. ఇల్లొకటి. ఒక పిల్ల దీపం పట్టుకొని వాకిలి దాటి నడుస్తది. ఆడేటోళ్ళే నడిపియ్యాలె. చెరువుగట్టు, రైలు పట్టాలు, అడివి. ఎంత ముందుకు పోతే ఇల్లు అంత దూరమైతది. వెనకకు తిరిగే మీట లేదు. ఆఖరి తెర కాడ దారి అయిపోతది. అక్కడ ఏం చెయ్యద్దు. ఊకె ఆగాలె. మొదటి ఆటల దీపాలమ్మ ముందు ఆగినట్టే. ఆగినోళ్ళకు తెర మొత్తం తిరగబడుతది, జంఖానా తిరగేసినట్టు. అదే దారి, అదే అడివి, అదే పిల్ల. కాని ఇప్పుడు వస్తాంది."

"ఆగకుంట మీటలు నొక్కేటోళ్ళకు?"

"వాళ్ళు పోతనే ఉంటరు."

రాజేశ్వర్ రావు గోడ మీది ఎర్రటి ప్రశ్న వైపు చూశాడు. తరువాత క్యాలెండరు వైపు చూశాడు.

"నాలుగు దినాలున్నయి" అన్నాడు. "ఆదివారం పొద్దున పదింటిదాంక చేస్తె ఇదే ఆడిస్త. కాకపోతే ఉన్నదే ఆడిస్త. పిలిచినోళ్ళను ఉత్తచేతులతోటి పంపలేను. అమ్మా, ఇంతకన్న నాతోటి కాదు."

"నాలుగు దినాలల్ల సగం జంఖానా అయితది" అని జైనాబీ నిర్మలను చూసింది. "గడులు నేను లెక్కపెడత. నువ్వు నింపు బిడ్డా. ఇద్దరు కూసుంటె మగ్గం దబ్బున నడుస్తది."

ఇద్దరూ కూర్చున్నారు. ఒకామె జంఖానా మీద వేలు పెట్టి గడులు చెబుతుంటే, మరొకామె కాగితం మీద పోల్చి చూసుకుంటున్నది. అడుగు, చీర కుచ్చెళ్ళు, నడుము, భుజం సరిపోయాయి. చేయి దగ్గర జైనాబీ వేలు ఆగింది.

"ఇక్కడ ఒక గడి ఎక్కువేసినవు."

నిర్మల ముఖం ఎర్రబడింది. "మా ఇంటి జంఖానాల ఒక గడి తక్కువుండె ఖాలా. దీపం పట్టిన చెయ్యి కొసకు. నేసేటప్పుడు తప్పిపోయిందేమో అనుకొని... నేనే దిద్దిన."

గుమ్మం దగ్గర ఇమాం పాషా కూడా తల ఊపాడు. "నేను గూడ తప్పే అనుకున్ననక్కా ఇన్నేండ్లు. మీ అమ్మ మీది గౌరవంతోటి అనలే."

"తప్పు కాదు" అన్నది జైనాబీ. నిర్మల చేతిని తన చేతిలోకి తీసుకుని, చిటికెన వేలును మెల్లగా లోపలికి మడిచింది. "అది మా ఆపా చెయ్యి."

నిర్మల రబ్బరు తీసుకుని, ఏడాది కింద తాను గర్వంగా దిద్దిన ఆ ఒక్క గడిని చెరిపివేసింది. చెరిపాక కాగితం మీద బొమ్మ కొంచెం మనిషిలా కనిపించింది.

సరిగ్గా అప్పుడు ఇమాం పాషా, "యా అల్లా" అన్నాడు.

ఎవరితోనో అన్నట్టు లేదు. అతడు బల్ల మీది నోటుపుస్తకాన్ని అందుకుని, కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, పేజీలు వెనక్కి తిప్పుతున్నాడు.

"ఏమైంది పాషా?"

"పోయిన శుక్రారం... నమాజు చదివి అప్పుడే వచ్చి కూసున్న. ఒక ముసలామె వచ్చింది. ఆట ఆడుత అన్నది. నేను నవ్విన. కూసోబెట్టిన. మొదటి ద్వారం కాడనే ఆగింది. ఆగి, ఇగ ముందుకు పోలే. దీపాలమ్మను చూసుకుంట గట్లనే కూసున్నది. లేవుమంటే లేచింది. నాకు రాయరాదు, నువ్వు రాయి అన్నది. చెప్పింది, రాసిన. ఏదో టీవీ ఖరాబైందని చెప్తాందనుకున్న అక్కా. నా బుద్ధి మన్నువడ." అతని వేలు ఒక పేజీ మీద ఆగింది. "రైలుకు యాళ్ళయితాందని పోయింది. ఏ ఊరమ్మా అంటే స్టేషన్ ఘన్‌పూర్ అన్నది. పేరడిగిన. చెప్పలే."

పుస్తకం నిర్మల అందుకున్నది. ఇమాం పాషా వంకర అక్షరాలను పైకి చదివింది:

"'దీపం పట్టిన చేతికి ఒక గడి ఎక్కువ పడ్డది. తీసేయుండ్రి.'"

జైనాబీ ఒకే ఒక మాట అడిగింది. "పాషా, ఆమె మీటలు ఏ చేతితోటి నొక్కింది?"

"ఎడమ చేతితోటి అక్కా." ఇమాం పాషా కళ్ళు తుడుచుకున్నాడు. "కుడిచెయ్యి కొంగుల నుంచి తియ్యనే లేదు."

ఘన్‌పూర్ వైపు వెళ్ళే బండి నాలుగున్నరకు ఉన్నది. గోడ మీది గడియారం మూడు గంటల యాభై నిమిషాలు చూపిస్తున్నది. జైనాబీ జంఖానాను చుట్టడం మొదలుపెట్టింది; చుట్టేముందు మూలను ఒకసారి సరిచూసుకున్నది. రాజేశ్వర్ రావు ఎవరూ అడగకుండానే స్కూటరు తాళం తీసుకున్నాడు. ఆమె స్టేషను చేరేదాకా, చేరి ఆ ఊళ్ళో పేరు తెలియని ఒక ఇంటిని వెతికేదాకా, మనం చేయగలిగినది ఏమీ లేదు.

మీరు చేయగలిగినది ఒకటి ఉన్నది. మీ ఇంట్లో వరంగల్ జంఖానా ఉంటే, ఈ పత్రికను పక్కన పెట్టి లేవండి. దాని మూల చూడండి. దీపం పట్టిన చేతి దగ్గర గడులు లెక్కపెట్టండి. ఒకటి తక్కువ ఉంటే అది తప్పు అని ఎవరితోనూ అనకండి. ఆమె మీ గడప వైపు, బయటికి నడుస్తున్నట్టు పరిచి ఉంటే, ఇప్పుడే, ఈ క్షణమే, దాన్ని తిరగేసి పరవండి.